గాలి వెనకుంటే అందరం మొనగాళ్లమే

వెనక నుంచి వీచే గాలి ఎంత బలంగా ఉందో, దానితో పాటు పోతున్నవాడికి తెలియదు. చెవుల్లో హోరు వినిపించదు, చొక్కా కొట్టుకోదు, అలలు కూడా మనం పోయే వైపే పోతుంటాయి గనక నీళ్లు నునుపుగానే కనిపిస్తాయి. తెడ్డు ఊరికే అలా తాకిస్తే చాలు, బోర్డు జారుతూ పోతుంది. ఆ సుఖంలో మనిషికి వచ్చే మొదటి ఆలోచన 'నాకీ విద్య భలే పట్టుబడిందే' అని. నాకూ అదే వచ్చింది. అది ఎంత తప్పో సూరత్ దగ్గరి మీంఢోళా ఖాడీ (సముద్రపు పాయ) బురదలో తొడల దాకా దిగబడ్డాక గానీ బోధపడలేదు. ప్యాడిల్‌బోర్డు మీద గాలివాటున షికారు పోదామని ఉబలాటపడేవాళ్లు ఎవరైనా ఉంటే నా సంగతి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. సాంచల (మరమగ్గాల) చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాణ్ని. సూరత్‌కు దక్షిణాన, ముంబై రైలుదారి మీద ఉన్న సచిన్‌లో వాటర్‌జెట్ మగ్గాలు బాగుచేసే పని నాది. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు, జీతాన్ని పగార్ అంటారు. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ నేతవాళ్లు తరాలుగా వచ్చి స్థిరపడటంతో సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు బతుకమ్మ ఆడే వాడలున్నాయి, కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి. ఇంతమందిమి ఉన్నా నాకు తెలిసినవాళ్లలో నీళ్లతో పొత్తు ఉన్నవాడు ఒక్కడు లేడు. చిన్నప్పుడు మా మానేరు వాగులో ఈత కొట్టడం తప్ప నాకూ లేదు.

అలాంటివాణ్ని ప్యాడిల్‌బోర్డు ఎందుకు కొన్నానంటే, నిజానికి నన్ను పడేసింది నీళ్లు కాదు, దాని నేత. ఊరు విడిచి పోతున్న ఒక కుర్రాడు అమ్మకానికి పెడితే చూడ్డానికి వెళ్లాను. గాలి నింపే రకం. పై బట్ట, కింది బట్ట రెండింటినీ ఒకేసారి నేస్తూ మధ్యలో వేలాది దారాలతో కలిపేస్తారు. వెల్వెట్ నేతలో కూడా ఇలాగే రెండు బట్టలు ఎదురెదురుగా నేసి, మధ్య దారాలను కత్తితో కోసి విడదీస్తారు. ఇక్కడ కోయరు, అంతే తేడా. పైన పీవీసీ పూత వేస్తారు. చేతి పంపుతో 12 నుంచి 15 పీఎస్ఐ దాకా గాలి కొట్టేసరికి లోపలి దారాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. సంచిలో చుట్టిపెట్టిన గుడ్డ కాస్తా మనిషి నిలబడితే వంగని పలక అవుతుంది. ఒక నేతగాడి మెదడు లేకుండా ఇది పుట్టదు అనుకున్నాను. బేరమాడటం కూడా మరిచిపోయి కొనేశాను.

దాని సరంజామా ఎక్కువేం లేదు. నిలబడి వేసే పొడవాటి తెడ్డు ఒకటి. పలక తిన్నగా పోవడానికి అడుగున వెనకవైపు ఒక ఫిన్. మనం నీళ్లలో పడ్డా పలక పారిపోకుండా కాలికి కట్టుకునే తాడు, దాన్ని లీష్ అంటారు. లైఫ్ జాకెట్ విడిగా కొనుక్కున్నాను. ఆ ఒక్క విషయంలోనే నాకు మొదటి నుంచీ బుద్ధి ఉంది.

ఇక నీళ్లెక్కడ? సచిన్ చుట్టూ ఖాడీలకు కొదవ లేదు గానీ, వాటిలో కాలు పెట్టాలన్న ఆలోచన ఈ ఊళ్లో ఎవరికీ రాదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున ఇక్కడి పారిశ్రామికవాడ జీఐడీసీలో ఎవరో ట్యాంకర్ తెచ్చి కాలువలో రసాయనం వదిలితే, పక్కనే ఉన్న మిల్లులో ఆ విషవాయువు పీల్చి ఆరుగురు కూలీలు చనిపోయారు. ఆ కాలువ మీదుగా పోతున్నప్పుడు ఇప్పటికీ మాలో చాలామంది ముక్కు మీద గుడ్డ పెట్టుకుంటాం. అందుకని నేను రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి కడిగి పోయే చోటు వెతుక్కున్నాను. డుమస్ దగ్గర మీంఢోళా నది సముద్రంలో కలిసే ముఖం, అక్కడి నుంచి లోపలికి మడచెట్ల మధ్యగా పోయే పాయ. డుమస్ కూడా ఒకప్పుడు సచిన్ సంస్థానంలోదే. కాబట్టి మా ఊరి సముద్రమే అని చెప్పుకోవచ్చు.

వేసవిలో అక్కడి గాలికి ఒక పద్ధతి ఉంది. పొద్దుటి పూట మందకొడిగా ఉంటుంది. ఎండెక్కి నేల కాలాక, సముద్రం మీది చల్లగాలి లోపలికి బయల్దేరుతుంది. మధ్యాహ్నం దాటాక పడమటి నుంచి, నైరుతి నుంచి నిలకడగా వీస్తుంది. ముఖం దగ్గర బోర్డు ఎక్కితే ఆ గాలే నన్ను పాయలోకి నెట్టుకుపోతుంది. మా ఖాతాలో పనిచేసే సిద్దిపేట పిల్లగాడు స్కూటర్ మీద కట్టల వెంట చుట్టూ తిరిగి వచ్చి, నేను తేలిన చోట నన్ను ఎక్కించుకునేవాడు. సెలవు దొరికినప్పుడల్లా ఇదే మా వినోదం.

గాలివాటున పోవడంలో కిటుకు పెద్దదేం కాదు. నిలబడ్డ మనిషే ఒక తెరచాప. ఛాతీ వెడల్పు, భుజాల వెడల్పు గాలికి చాలు. మామూలుగా, బోర్డును మోయడానికి మధ్యలో ఉండే పిడికి అటూ ఇటూ పాదాలుంచి నిలబడతాం. గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు ఒక్క అడుగు వెనక్కి జరగాలి. అప్పుడు తోక కొంచెం మునిగి ఫిన్ నీటిని గట్టిగా పడుతుంది, ముక్కు తేలికై గాలి పోయే దిక్కుకే తిరుగుతుంది. ముందుకు జరిగామా, ముక్కు నీట్లో ఆనుతుంది, తోక అదుపు తప్పి బోర్డు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే పడ్డట్టే. తెడ్డును వెనక నీట్లో ఉంచి చుక్కానిలా వాడుకుంటే ఎటు కావాలంటే అటు ఇంచుమించుగా పోవచ్చు. కొన్నాళ్లకు నేను గొడుగు కూడా తెచ్చాను. మన పెద్దవాళ్లు పట్టుకునే నల్లగొడుగు. ఎడమచేత్తో గొడుగు ముందుకు వంచి పట్టుకుని, తెడ్డును కుడి చంకలో ఇరికించి, చుక్కానిగా వాడుకుంటూ పోతుంటే ఒడ్డున ఎండ్రకాయలు ఏరుకునే పిల్లలు పరిగెత్తుకొచ్చి చూసేవాళ్లు. చప్పుడు లేదు, శ్రమ లేదు. మడచెట్ల మీద కొంగలు కూడా కదిలేవి కావు. ఆ పిల్లల మెచ్చుకోలు, ఫోన్‌లో కనబడే వేగం చూసి నేను పెద్ద తెడ్డుగాణ్నని నమ్మేశాను.

అసలు జబ్బు అదే. ఆ షికార్లన్నిట్లో నేను ఏనాడూ గాలికి ఎదురు పోలేదు. పిల్లగాడి స్కూటర్ ఉంది గనక తిరుగుదారి అన్నదే లేదు. నేను నేర్చుకున్నది తెడ్డు వేయడం కాదు, గాలి ముందు నిలబడటం. ఆ తేడా నాకు తెలియదు.

ఒక పౌర్ణమి వెళ్లిన మరునాడు. పిల్లగాడు స్కూటర్ ఆపి సముద్రం వైపు చూసి, "అన్నా, బయట తెల్లగ పొంగుతున్నది గదనే. ఇయ్యాల వద్దు" అన్నాడు. వాడు చూపించినవి అలల తలల మీద తెల్ల నురుగులు. నావికులు గాలిని కళ్లతో కొలవడానికి వాడే బోఫర్ట్ కొలమానం ఒకటుంది, 1805లో ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి తయారుచేసింది. దాని ప్రకారం అక్కడక్కడా నురుగు కనిపిస్తే మూడో నంబరు గాలి, అంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. నురుగు తరచుగా లేస్తుంటే, ఒడ్డున దుమ్ము, కాగితాలు ఎగురుతుంటే నాలుగో నంబరు, 20 నుంచి 28 కిలోమీటర్లు. ఆ రోజు భజియా బండ్ల దగ్గర కాగితాలు ఎగిరి మా కాళ్లకు చుట్టుకుంటున్నాయి. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది. వాడికి లెక్క తెలియకపోయినా భయం తెలుసు. నేను మాత్రం, "గాలి మంచిగున్నది రా, ఇయ్యాల నువ్వు తిరుగుడు అక్కరలేదు. ఈడనే కూసో. నేను అరగంటల మళ్ల ఈడికే వస్త" అన్నాను. ఫోన్ తడుస్తుందని వాడి చేతికే ఇచ్చాను.

చేసిన తప్పులన్నీ ఆ రెండు పనుల్లోనే ఉన్నాయి. మనిషిని బయల్దేరిన చోట నిలబెట్టాను, చేరే చోట కాదు. సాయం అడగడానికి ఉన్న ఒక్క దారినీ వాడి చేతిలో పెట్టాను.

పోవడం మాత్రం ఎంత హాయిగా పోయానో చెప్పలేను. వెనక గాలి, కింద పోటు. పాయలోకి ఎక్కుతున్న నీరు కూడా నన్ను మోసుకుపోతోంది. గొడుగు బట్ట సగమే ఉబ్బి ఉంది గనక గాలి తక్కువే అనుకున్నాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకోండి. మనం దానితో పాటు 6 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది 14 మాత్రమే. అదే గాలికి ఎదురు తిరిగి గంటకు 4 కిలోమీటర్ల వేగంతో తెడ్డు వేస్తే తగిలేది 24. పైగా గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 14కీ 24కీ తేడా చూస్తే దాదాపు మూడు రెట్లు. నిలబడ్డ మనిషిని ఆ గాలి సుమారు కిలోన్నర బరువుతో ఎడతెగకుండా వెనక్కి నెడుతుంది. వినడానికి తక్కువే. కానీ నాలాంటివాడు తెడ్డుతో గంటసేపు నిలకడగా పుట్టించగల తోపు దానికి మించి పెద్దగా ఉండదు. అంటే ఒళ్లంతా అలిసేలా తెడ్డు వేసినా ఉన్నచోటనే ఉంటాం.

నేను సరిగ్గా అక్కడే ఉన్నాను. వెనక్కి తిరగగానే గొడుగు విచ్చుకుని తలకిందులైంది, ఊచలు రెండు విరిగాయి. దాన్ని మూసి కాళ్ల కింద పెట్టుకుని తెడ్డు వేయడం మొదలుపెట్టాను. కుడివైపు ఒక మడచెట్టును గుర్తు పెట్టుకున్నాను. నీట్లోకి వంగిన కొమ్మకు నీలం రంగు నైలాన్ వల ముక్క చిక్కుకుని వేలాడుతోంది. తెడ్డు వేశాను, వేశాను, భుజాలు మండేదాకా వేశాను. చూస్తే ఆ నీలం ముక్క ఇంకా నా కుడి మోచేతికి సూటిగానే ఉంది. కాసేపు ఊపిరి పీల్చుకుందామని ఆగితే అది ముందుకు జరిగిపోయింది. అంటే నేను వెనక్కి పోయాను. ఆ ముక్కను అలా చూస్తున్నప్పుడు, ఇన్నాళ్లూ నన్ను నడిపింది ఎవరో మొదటిసారి అర్థమైంది.

అప్పుడు చేయాల్సిన పని మోకాళ్ల మీద కూర్చోవడం. ఇంకా మంచిది, బోర్లా పడుకుని చేతులతో ఈదడం. గాలికి దొరికే ఒళ్లు తగ్గితే తోపు కూడా అంతే తగ్గుతుంది. నాకు అది తోచలేదు. తోచినా, ఒడ్డున పిల్లలు చూస్తున్నారని పడుకునేవాణ్ని కాదేమో. నిలబడే ఉన్నాను. నిలబడి నిలబడి, పోటు ఆగి ఆటు మొదలవుతుంది కదా, నీరే నన్ను బయటికి తీసుకుపోతుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను.

ఖంభాత్ సింధుశాఖ సంగతి తెలియనివాడి ధైర్యం అది. గరాటులా లోపలికి ఇరుకైపోయే ఆకారం వల్ల ఇక్కడి పోటుపాట్లు దేశంలోకెల్లా పెద్దవి, పైన భావ్‌నగర్ దగ్గర పది మీటర్ల దాకా ఉంటాయి. గుజరాతీలు పోటును భర్తీ అంటారు, ఆటును ఓట్ అంటారు. పౌర్ణమికీ అమావాస్యకూ అటూ ఇటూ రోజుల్లో రెండూ ఉధృతంగా ఉంటాయి. నీరు దిగడానికి ఆరు గంటలు పడుతుంది గానీ ఆరు గంటలూ సమానంగా దిగదు. నావికులు పన్నెండో వంతుల లెక్క చెబుతారు: మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడులో మూడు, నాలుగులో మూడు, ఆ తర్వాత రెండు, ఒకటి. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీరు వెళ్లిపోతుంది. నేను సాయం వస్తుందనుకున్న నీరు అలాంటిది.

ఆటు తిరిగాక పాయ మొహం మారిపోయింది. నీరు సముద్రం వైపు పరుగు, గాలి సముద్రం నుంచి ఎదురు. రెండూ ఢీకొంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని మీద ఒకటిగా లేస్తాయి. అంతసేపూ పరుపులా ఉన్న నీళ్లలో బోర్డు ముక్కు టపటపా కొట్టుకోవడం మొదలైంది. పడ్డాను. ఎక్కాను. మళ్లీ పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు తేలేసరికి కాలు ఎవరో పట్టి లాగినట్టయింది.

జాలర్లు పాయలో గుంజలు పాతి వలలు కడతారు. పోటులో అవి నీళ్ల కింద ఉంటాయి గనక నాకు కనపడలేదు. ఇప్పుడు ఒక గుంజ తల తేలింది. దానికి ఒక పక్క బోర్డు, రెండో పక్క నేను, మధ్యలో నా కాలి తాడు. ప్రవాహం ఇద్దరినీ కిందికి గుంజుతోంది, తాడు గుంజకు బిగుసుకుంటోంది. తాడు విప్పాలంటే చీలమండ దాకా వంగాలి. ముందుకు వంగితే తల నీళ్లలోకి పోతోంది, ప్రవాహం ఒంటిని మళ్లీ చాపేస్తోంది. లైఫ్ జాకెట్ లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు. చివరికి తాడునే పట్టుకుని, దాని వెంట చేతులు మార్చుకుంటూ గుంజ దగ్గరికి చేరి, దాన్ని కావిలించుకుని, మోకాలు పైకి ముడిచి, వెల్క్రో పట్టీ పీకాను. ఆల్చిప్పలు చీరుకుపోయి మోచేతులు రెండూ నెత్తురు. కదిలే నీళ్లలో, గుంజలూ వలలూ ఉన్న చోట లీష్‌ను కాలికి కట్టకూడదని, నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో ఊడిపోయే బెల్టులు వేరే ఉంటాయని తర్వాత తెలుసుకున్నాను. 

తాడు వదలకుండా బోర్డును లాక్కుని దాని మీద వాలిపోయాను. ప్రవాహం ఒక వంపు దగ్గర పక్కకు తోసింది. కాళ్లు ఆనాయి కదా అని దిగాను. అది నేల కాదు, బురద. ఒక కాలు పీకితే రెండో కాలు ఇంకో జానెడు దిగుతోంది. నీరు చూస్తుండగానే పక్కనుంచి జారిపోతోంది. తొడల దాకా దిగబడ్డాక, "ఓరి దేవుడా, సచ్చిపోతి" అని అరిచాను.

కట్ట మీది నుంచి జవాబు తెలుగులో వచ్చింది. "ఎవురు బావూ అది? తెలుగోడివా? నిలబడకు! ఆ పలక మీద బోర్లా పడుకో! పడుకుని కాళ్లు మెల్లిగా పీక్కో!"

డుమస్, ఆభవా వైపు మీంఢోళా ఒడ్డంతా రొయ్యల చెరువులే, ఇక్కడ ఝింగా తలావ్ అంటారు. ఆ చెరువుల్లో ఒకదానికి కాపలా ఉంటున్న శ్రీకాకుళం ముసలాయన. ఆయన చెప్పినట్టే బోర్డు మీద బోర్లా పడుకుని, బరువంతా దాని మీద పరిచి, చేతులతో బురదను వెనక్కి తోసుకుంటూ జారుకుంటూ కట్ట చేరాను. అంతవరకు నన్ను ముంచిన పలకే పడుకున్నప్పుడు నన్ను దాటించింది. ఇదే పని గంట ముందు నీళ్ల మీద చేసి ఉంటే ఇంటికే పోయేవాణ్ని.

ఆయన బీడీ వెలిగించుకుని, తన ఫోన్ నుంచి మా పిల్లగాడికి ఫోన్ చేయించాడు. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. వాడొచ్చేదాకా కూర్చుని మాట్లాడుకున్నాం. 'తండేల్' సినిమా చూసినవాళ్లకు గుజరాత్ రేవు వేరావల్ పేరు తెలిసే ఉంటుంది. 2018లో అక్కడి నుంచి వేటకు పోయి పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఈయనా ఒకప్పుడు ఆ వేరావల్ బోట్ల మీద పనిచేసినవాడే. అంతకుముందు, చిన్నతనంలో, తండ్రితో తెప్ప మీద పోయేవాడట. దుంగలు కలిపి కట్టిన తెప్ప, దాని మీద మోకాళ్ల మీద కూర్చునో నిలబడో తెడ్డు, చిన్న తెరచాప. నా బోర్డు వైపు చూసి, "ఇదీ తెప్పే కదేటి" అన్నాడు.

నా గొడుగు సంగతి విని నవ్వలేదు. "గాలి ఎల్లేటప్పుడు సూసుకోకూడదు బావూ, వచ్చేటప్పుడు సూసుకోవాల. తెల్లారగట్ల గట్టుగాలి మమ్మల్ని లోనికి తీసుకెల్లీది. మజ్జేనం సముద్రం మీద గాలి మల్లితే సాప ఎత్తి ఒడ్డుకొచ్చేసీవోలం. ఆ రెండో గాలి వస్తాదో రాదో తెలీకుండా తెప్ప దించితే మా అయ్య కొట్టీవోడు" అన్నాడు.

రాత్రి నేల సముద్రం కన్నా తొందరగా చల్లబడుతుంది గనక తెల్లవారుజామున గాలి గట్టు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. పగలు నేల కాలాక దిక్కు మారుతుంది. మన తీరంలో తెప్పల రాకపోకలు ఈ రెండు గాలుల మీదే నడిచాయి. పెద్ద ఓడలది కూడా ఇదే లెక్క, రోజుకు బదులు ఏడాది. సూరత్ రేవు నుంచి ఎర్ర సముద్రానికి పోయే ఓడలు ఈశాన్యపు గాలి ఉండగా బయల్దేరి, నైరుతి గాలితో తిరిగొచ్చేవి. ఆ దారిలో హజ్ యాత్రికుల ఓడలకు మొగలుల తరఫున కాపలా కాసిన జంజీరా సిద్దీల వంశమే 1791లో మా సచిన్‌కు నవాబులై వచ్చింది. గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలిసినవాళ్ల ఊళ్లో ఉంటూ నేను పోయే గాలి ఒక్కటే చూసుకున్నాను.

గాలివాటున పోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. అందులో ఉన్న హాయి నిజమే. ప్రపంచంలో దానికి పెద్ద పందేలే ఉన్నాయి. హవాయి దీవుల్లో మొలోకాయి నుంచి ఓహూ దాకా 50 కిలోమీటర్లకు పైగా సముద్రం మీద గాలినీ అలలనూ వెనకేసుకుని ప్యాడిల్‌బోర్డుల మీద పోతారు. కానీ అక్కడ ప్రతి పోటీదారు వెంట ఒక పడవ తప్పనిసరి. అంత ఆరితేరినవాళ్లు కూడా తిరుగుదారిని గాలికి వదిలేయరు. ఒకవైపు ప్రయాణమైతే ఒకవైపు ప్రయాణమని ఒప్పుకుని దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారు. నేను మొదట్లో పిల్లగాడి స్కూటర్‌తో తెలియకుండానే చేసిన సరైన పని అదే. నాకు నేర్పు వచ్చిందనుకున్న రోజున దాన్ని మానేశాను.

ఇప్పుడు మా పద్ధతులు మారాయి. ఒకవైపు పోతే మనిషి చేరే చోట ఉంటాడు, దారిలో రేవులు ఎక్కడున్నాయో ముందే నడిచి చూసుకుంటాం. ఫోన్ నీళ్లు పోని సంచిలో నా మెడలో ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల రోజుల్లో దిగను. మిగతా రోజుల్లో కూడా భర్తీ ఎప్పుడు నిండుతుందో చూసుకుని, ఓట్ మొదలయ్యేసరికి ఒడ్డున ఉంటాను. గట్టు నుంచి సముద్రం మీదికి గాలి వీస్తుంటే, ఎంత మెల్లగా ఉన్నా, బోర్డు సంచి విప్పను. ఒడ్డు చాటున నీళ్లు అద్దంలా ఉండి, లోనికి పోయేకొద్దీ గాలి బలం పెరిగే మోసం అందులో ఉంది. గొడుగు పట్టుకుంటాను గానీ చేతికి కట్టుకోను. గాలి పెరిగిందనిపిస్తే ఎవరు చూస్తున్నా మోకాళ్ల మీద కూర్చుంటాను, ఇంకా పెరిగితే పడుకుంటాను. పరువు కోసం నిలబడటం నాకు అబ్బిన రోగం, దానికి మందు ఆ బురదలోనే దొరికింది.

తిరిగి బయల్దేరిన చోటికే రావాలనుకున్న రోజున మాత్రం ఒకటే నియమం. ముందు ఎదురుగాలికి పోవాలి. బలం ఉన్నప్పుడు కష్టమైన సగం అయిపోతే, అలిసిన సగాన్ని గాలి చూసుకుంటుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. గాలి అసలు బలం మొహానికి తగిలితే గానీ తెలియదు, మన అసలు బలమూ అప్పుడే తెలుస్తుంది. గుర్తుగా ఒక చెట్టునో గుంజనో పెట్టుకుని చూడండి, అది వెనక్కి జరుగుతుంటే ముందుకు పోండి. అది మీ మోచేతి దగ్గరే నిలబడిపోతే ఆ రోజు మీది కాదని అర్థం. బోర్డుకు గాలి తీసి, చుట్టి సంచిలో పెట్టి, డుమస్ బండ్ల దగ్గర వేడివేడి టమాటా భజియా తిని ఇంటికి రండి. మా పిల్లగాడైతే ఈ మధ్య ఎదురుగాలి కాస్త పెరిగిందంటే చాలు, నాకన్నా ముందు వాడే భజియా బండి వైపు నడుస్తున్నాడు.